పంచనదముల చెంత

తమిళదేశమున నిలిచి తెలుగుపాట వినవలెనను కోరిక గలవారు తంజావూరు సీమకు పోవలెను. అచ్చటి వీధులలో తెలుగు మాటాడువారు అరుదు. అంగడివాడు తమిళమున ధర చెప్పును. ఆటోవాడు తమిళమున బేరమాడును. కాని సాయంకాలమున ఏదో యొక యింటి కిటికీనుండి పదేండ్ల బాలిక సాధకము చేయుచున్న గొంతు వినవచ్చును. ఒక నిమిషము నిలిచి చెవి యొగ్గినచో ఆ మాటలు మనవి. ఆ పిల్లకు వాని యర్థము తెలియదు. అయినను తాతముత్తాతల సొమ్మువలె ఒక్క యక్షరము జారనీయక పట్టుకొని పాడుచుండును. వినిన తెలుగువారికి సంతోషమును, కొంచెము సిగ్గును ఒక్కసారే కలుగును.

2023 జనవరి నెలాఖరున, త్యాగరాజస్వామి యారాధన ముగిసిన కొలది దినములకు, మేము అక్కచెల్లెండ్ర మిరువురమును ఆ సీమకు పోయి అయిదు దినము లుంటిమి. ఉత్సవదినములలో పోవరాదా యని ఇంటివారడిగిరి. వేలకొలది జనము నడుమ మాకు పని లేదు. పందిళ్లు విప్పిన తరువాతనే ఆ చోటు చూడవలెనని తలచితిమి. ఏల యట్లు తలచితిమో రెండుమాటలలో చెప్పవలసియున్నది.

2021 మే నెలలో, కరోనా రెండవమాఱు విజృంభించినప్పుడు, మా యమ్మ పోయినది. ఆమెకు 74 ఏండ్లు. తొమ్మిది దినము లాస్పత్రిలో నుండెను. ఆ నాళ్లలో ఎవరిని లోనికి పోనిచ్చెడివారు కారని సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఎన్ని యిండ్లలోనో ఇదే కథ. ఒక నర్సమ్మ దయతలచి దినమున కొకసారి తన ఫోను అమ్మ చెవియొద్ద నుంచెడిది. ఇవతలనుండి అక్కయ్య పాడెడిది. అమ్మ బదులు పలుకలేకపోయెడిది. ఊపిరి మాత్రము వినవచ్చెడిది. తొమ్మిదవనాడు పాట సగములో నుండగా అవతల ఏదో కలకలము పుట్టి ఫోను ఆగిపోయెను.

అక్కయ్యకు సంగీతము అమ్మయే నేర్పెను. పిదప ఆమె చెన్నపట్టణమున పెద్దల యొద్ద కొన్నేండ్లు శిక్ష పొంది, ఇరువదియైదేండ్లుగా ఇంటనే పిల్లలకు పాఠములు చెప్పుచుండెను. ఆ మే నెల తరువాత ఆమె పాఠములు మానివేసెను. తంబురా గవిసెనలోనే యుండిపోయెను. మాకు పాట రాదు. అమ్మ ఆస్తిలో మా వంతునకు వచ్చినది పుస్తకపఠనము. మా పని యంతకంటె మేలుగా లేదు. చదివిన పుటయే చదువుచు కూర్చుండెడివారము. అక్షరములు కండ్లకు కనబడెడివి గాని ఒక్క మాట లోనికి దిగెడిది కాదు. వచ్చినవారెల్ల మంచి మాట యనుకొని, "పాట వినండి, మనస్సు తేలికపడును" అని చెప్పిపోవుచుండిరి. తలనొప్పికి శొంఠిగంధము చెప్పినట్లుగా సంగీతమును చెప్పుట మాకు రుచింపలేదు. పాటయు పద్యమును కడుపు నిండినవారి వేడుకలేనా, కష్టకాలమున వానికి చోటు కలదా, కలదేని ఎట్టి చోటు — ఈ ప్రశ్న మమ్ము రెండేండ్లు వెంటాడెను. ఆ పాటలు పుట్టిన యూళ్లకే పోయి, వానిని కట్టినవారు ఎట్టి దినములలో బ్రదికిరో చూచి వత్తమని బయలుదేరితిమి. పెట్టెలో అమ్మ పాటల నోటుపుస్తకము పెట్టుకొంటిమి.

చెన్నపట్టణము ఎగ్మూరు స్టేషనులో రాత్రి రైలెక్కిన తెల్లవాఱునప్పటికి తంజావూరు చేరవచ్చును. మొదటి దినమున బృహదీశ్వరాలయము చూచితిమి. దానిని గూర్చి వ్రాసినవారు వేలమంది కలరు, మేమేమియు చేర్చము. రెండవనాటి యుదయమున పడమటి రాజవీధిలోని బంగారు కామాక్షి కోవెలకు పోయితిమి. ఇది చిన్న కోవెల. తొందరలో నున్న యాత్రికులు దాటిపోవుదురు. లోపలి దేవి బంగారు విగ్రహము. కాని చూచువారికి నల్లగా కనబడును. విగ్రహమునకు పునుగు పూయుట అచ్చటి యాచారము.

ఈ దేవి తంజావూరి దేవి కాదు, కాంచీపురము నుండి వలస వచ్చినది. ఉత్తరమున యుద్ధములు పెచ్చుపెరిగినప్పుడు అర్చకులు విగ్రహమును రక్షింపదలచి కంచి విడిచి బయలుదేరి, ఊరూర తలదాచుకొనుచు, తుదకు తిరువారూరున చాలకాలము నిలిచిరి. 1781లో హైదరాలీ సేనలు తంజావూరు రాజ్యముపై బడగా అచ్చటను భద్రము లేక, దేవిని తంజావూరు కోటలోనికి చేర్చిరి. తుళజామహారాజు కోవెల కట్టించి యిచ్చెను. ఆ యర్చక కుటుంబములో అప్పుడు 19 ఏండ్ల యువకు డొకడుండెను. అతడే శ్యామశాస్త్రులవారు. 1762లో తిరువారూరున పుట్టి, తక్కిన జీవితమంతయు ఈ గర్భగుడి ముంగిట గడపి, ఆ తల్లిమీద కృతులు కట్టెను. వానిలో పెక్కు తెలుగు కృతులు.

ఆ గడపకడ కూర్చుండి లెక్క వేసికొంటిమి. 1781 నాటికి త్యాగరాజస్వామికి 14 ఏండ్లు. ముత్తుస్వామి దీక్షితులవారు అయిదాఱేండ్ల పసివాడు. ముగ్గురును తిరువారూరున పుట్టినవారే. అంతకు ముందు 1773లో ఆర్కాటు నవాబు ఇంగ్లీషువారి సాయమున తంజావూరును పట్టుకొనెను; మూడేండ్లకు గాని రాజునకు రాజ్యము తిరిగి రాలేదు. ఆ దెబ్బ మానకముందే హైదరు దండయాత్ర, పొలములు బీడుపడుట, పశువులు పోవుట, కఱవు. మన దక్షిణదేశమున కెల్ల అన్నపూర్ణ యనిపించుకొన్న సీమలో గింజలు కొని బీదలకు పంచవలసివచ్చెను. జర్మను దేశపు మతగురువు ష్వార్ట్జు ఆ పని చేసెనని చరిత్రలు చెప్పుచున్నవి.

చరిత్రపుస్తకములలో యుద్ధము లొక ప్రకరణమునను, సంగీతము వేఱొక ప్రకరణమునను వ్రాయుటచే మనకు ఒక భ్రాంతి కలుగుచున్నది. సంగీతత్రిమూర్తుల కాల మనగానే చల్లని కావేరి గాలియు, వెన్నెలయు, తీరికయు తలపునకు వచ్చును. కాని ఆ ముగ్గురి బాల్యమున ఇంటి పెద్దలు ముచ్చటించుకొన్నవి గింజల ధరలును, గుఱ్ఱపుదండుల రాకయు అయియుండవలెను. కచేరీలలో మేము వినిన ఉపోద్ఘాతములలో ఈ మాట చెప్పినవారు లేరు. చెప్పినచో పాట మాధుర్యము తగ్గునని కాబోలు! మాకు మాత్రము ఆ నల్లని బంగారము ముందు ఆ పాటలు మొదటిసారి మన యిండ్ల పాటలుగా తోచినవి.

మధ్యాహ్నము కోటలోని సరస్వతీమహలు చూచితిమి. నాయకరాజుల కాలమున పుట్టి, మహారాష్ట్రరాజుల చేతిలో పెరిగి, 1798 మొదలు 1832 వఱకు ఏలిన శరభోజిరాజు చేతిమీదుగా గొప్ప భాండాగారమైనది. 1918 నుండి ఎల్లరును చదువుకొన వీలైనది. సంస్కృతము, తమిళము, మరాఠీ, తెలుగు — నాలుగు భాషల గ్రంథములు ఒక్క కప్పు క్రింద కాపురము చేయుచున్నవి. తాటాకుపై గంటముతో గీచి, మసి పూసి తుడిచినచో అక్షరము నల్లగా తేలును. ఆకు ఎండి పెళుసు కాకుండుటకును, పురుగు పట్టకుండుటకును నిమ్మగడ్డి నూనె రాయుదురు. కొంతకాలమునకు మఱల రాయవలెను. మానిన ఆకు విఱిగిపోవును. వంటయింట ఊరగాయజాడీలను కనిపెట్టి చూచుకొను మనకు ఈ పని తెలియనిది కాదు.

సోదరీమణులకు చెప్పదగిన సంగతి మఱొకటి. ఈ కోటలో కవిత్వము చెప్పిన స్త్రీలు పలువురు కలరు. రఘునాథనాయకుని కొలువున రామభద్రాంబ, మధురవాణి. అతని కుమారుడు విజయరాఘవుని కొలువున మన్నారుదాసవిలాసము వ్రాసిన రంగాజమ్మ. వంద యేండ్ల పిదప ప్రతాపసింహుని కాలమున రాధికాసాంత్వనము వ్రాసిన ముద్దుపళని. 1673లో మధుర నాయకుని సేనలు ఈ కోటను ముట్టడించినప్పుడు వృద్ధుడైన విజయరాఘవుడు యుద్ధమున కూలెను. అంతఃపురస్త్రీలు మందుగుండుతో ప్రాణములు విడిచిరని చెప్పుదురు. కొలువు చెదరెను, రాజవంశము పోయెను. రంగాజమ్మ వ్రాసినది మాత్రము నేటికిని చదువ దొరకుచున్నది. ఆ మేడల నడుమ నడచునప్పుడు మాకు రాజులపై గాక, ఆ ఆకులకు ఏటేట నూనె రాచిన పేరులేని చేతులపై మనసు పోయెను. కావ్యము వ్రాయుట గొప్పయే. కాని కోట పడిపోవుచుండగా ఏ మూట ముందు చంకన బెట్టుకొనవలెనో తెలియుట అంతకు తక్కువ పని కాదు.

మూడవనాడు తిరువయ్యారు. తంజావూరునుండి 13 కిలోమీటర్లు. బస్సులు వెంటవెంటనే పోవుచుండును. ఈ చిన్నదారి యందమేమనగా, అయిదు నదులు దాటి పోవలెను. వడవారు, వెణ్ణారు, వెట్టారు, కుడమురుట్టి, కావేరి. తిరు-అయ్-ఆఱు అనగా అయిదేఱుల పుణ్యక్షేత్రమని యర్థము, సంస్కృతమున పంచనదము. ఒక్కొక్క వంతెన దాటునప్పుడు లెక్కించుకొనుచు పోయితిమి. సంక్రాంతి వెళ్లినది గనుక సాంబా పైరు కోతలు జరుగుచుండెను. కొన్నిచోట్ల గడ్డి రోడ్డుమీదనే పఱచియుండెను. మేట్టూరు జలాశయమును వాడుకగా జూను 12న తెఱచి జనవరి 28న మూయుదురు. మేము పోవునప్పటికి కావేరి ఇసుకల నడుమ సన్నగిలి పాఱుచుండెను. పాటలలో విన్న కావేరి ఇంత చిన్నదా యని ఒక క్షణము తోచినమాట నిజమే.

త్యాగరాజస్వామి కాపురమున్న తిరుమంజనవీధిలో ఆ పాత యిల్లు ఇప్పుడు లేదు. ఆ స్థలమున క్రొత్త కట్టడము వెలసినది. శుభ్రముగానే యున్నది. కాని ఆ నున్నని నేలపై నిలిచి, అన్నదమ్ముల పంపకమున ఇల్లు రెండు ముక్కలైన దినమును ఊహించుకొనుట కష్టమైనది. ఆయన జీవితము మనయందఱికి పాఠములవలె కంఠస్థమే: 1767లో జననము, రామబ్రహ్మమను తండ్రి, శొంఠి వేంకటరమణయ్య గారి శిష్యరికము, ఊంఛవృత్తి, రాజు పిలుపును కాదనుట, అన్న కోపించి పూజావిగ్రహములను కావేరిలో పారవేసెనను కథ, 1847లో పుష్య బహుళ పంచమినాడు నిర్యాణము. మొదటి భార్య పార్వతమ్మ చిన్నతనముననే పోగా, ఆమె చెల్లెలు కమలాంబ రెండవ భార్యయై ఇల్లు నడపినది. సీతాలక్ష్మి యను ఒక్కతే కూతురు. ఊంఛవృత్తితో తెచ్చిన బియ్యముతో శిష్యుల కందఱకు వండిపెట్టిన ఆ యిల్లాలిని గూర్చి పుస్తకములలో రెండుమూడు పంక్తులకు మించి దొరకవు. ఆమె దినచర్య యెవరైన వ్రాసిపెట్టియున్న, కృతుల పుట్టుక గూర్చి మనకు ఇంకొంత తెలిసియుండెడిది.

ఆయన వ్రాసిన గేయనాటకములు రెండు. ప్రహ్లాదభక్తివిజయము, నౌకాచరిత్రము. వీనిని కచేరీలలో ముక్కలుగా వినుటయే గాని పుస్తకముగా చదువువారు తక్కువ. మేము ప్రయాణమునకు ముందు రెండును చదివితిమి. రెంటను నీరే. మొదటిదానిలో ప్రహ్లాదుడు నాగపాశములచే కట్టబడి సముద్రములో పడవేయబడియుండగా కథ మొదలగును. రెండవదానిలో గోపికలు కృష్ణునితో పడవ యెక్కి, తమ సొబగును చూచుకొని గర్వింతురు. గాలివాన వచ్చును, పడవకు చిల్లి పడును. ఆ చిల్లి మూయుటకు తమ వలువలే యియ్యవలసివచ్చును. ఏటిగట్టున జీవితమంతయు గడపిన మనుష్యుడు నీటిని వేడుకగా వర్ణింపవచ్చును గదా? ఆయన యట్లు చేయలేదు. ఆయనకు నీరనగా మునిగిపోవు చోటు. ప్రతియేట వఱదలు చూచినవాడు; చిన్నతనమున దేశమే మునుగుట చూచినవాడు; ఇంటి దేవుడు నీళ్ల పాలయ్యెనను కథకు నాయకుడు. ఆ పాటలలోని విన్నపములు మర్యాదపలుకులు కావని మాకు అప్పుడు నమ్మకమైనది. ఆయన పోట్లాడును, నిష్ఠురమాడును, విసుగుకొనును. ఒక్కొక్కచో అలసిపోయి ఊరకుండును. ఇట్టి వానిని వినినంతనే మనసు తేలికపడునని చెప్పుట ఆయనకే యన్యాయము.

సమాధి కావేరి యొడ్డున నున్నది. ఇప్పుడది గోడలు, కప్పు గల చిన్న మందిరము. కాని నూఱేండ్ల క్రిందట ఇట్లు లేదు. ఉమయాళ్పురము కృష్ణభాగవతరు, సుందరభాగవతరులు 1903లో వచ్చి పాడుపడిన సమాధిని బాగుచేయించిరి. మఱల అది పాడుపడినది. 1921లో మైసూరు విద్వాంసులు బిడారం కృష్ణప్పగారు ఆ దురవస్థ చూచి బెంగుళూరు నాగరత్నమ్మగారికి ఉత్తరము వ్రాసిరి. నాగరత్నమ్మగారు 1878లో నంజనగూడున పుట్టిరి. దేవదాసీకులమున పుట్టి, చిన్నతనముననే తల్లిని పోగొట్టుకొని, సంస్కృతమును, సంగీతమును, తెలుగును నేర్చి, చెన్నపట్టణమున గొప్ప గాయని యనిపించుకొనిరి. ఉత్తరము చూచి ఆమె ఆ స్థలము సంపాదించి, తన సొమ్ములు వెచ్చించి గుడి కట్టించెను. 1925 జనవరి 7వ తేదీన కుంభాభిషేకము జరిగెను.

ఇంత చేసినను, ఆరాధననాడు ఆమె అచ్చట పాడుటకు వీలు లేకపోయెను. మగవారు రెండు పక్షములై పోట్లాడుకొనుచుండిరి. ఆడువారు పాడరాదనుటలో మాత్రము రెండు పక్షములకును ఏకాభిప్రాయము! ఆమె 1927లో స్త్రీలతో మూడవపక్షము నేర్పఱచి, గుడి వెనుకభాగమున పాటకచేరీలు నడపెను. 1940 ప్రాంతమున పక్షములు కలిసిన పిదపనే స్త్రీపురుషులు ఒకచోట కూర్చుండు నేటి యారాధన రూపు దాల్చినది.

ముద్దుపళని రాధికాసాంత్వనమును 1910లో వావిళ్లవారిచే అచ్చువేయించినదియు ఈమెయే. ఆ కవయిత్రిని వీరేశలింగము పంతులుగారు నిందించిరి. శృంగారము మితిమీఱినదని దొరతనమువారు 1911లో గ్రంథమును నిషేధించిరి. టంగుటూరి ప్రకాశముగారు మద్రాసు ప్రధానిగా నుండగా 1947లో ఆ నిషేధము తొలగెను. ఒక స్త్రీ పద్యముల కొఱకును, ఒక వాగ్గేయకారుని మట్టిదిబ్బ కొఱకును ఒక్క మనిషియే పాటుపడుట మాకు విచిత్రముగా తోచలేదు. సరస్వతీమహలులో ఆకులకు నూనె రాచువారి వంశమే ఇది. ఆమె 1952లో తనువు చాలించినది, సమాధి అచ్చటనే. స్వామి సన్నిధి కెదురుగా ఆమె శిలావిగ్రహము కూర్చుండియున్నది. గుడి కట్టించిన నాళ్లలో ఆమెకు దొరకని చోటు అది.

ఆవరణలో అప్పుడు జనము లేరు. పందిరి గుంజల గుంతలు ఇంకను పూడ్చలేదు. ఒక పాట్టి, డెబ్బదియైదేండ్లు దాటినది, గోడవారగా కూర్చుండి అట్ట చినిగిన నోటుపుస్తకము చూచుచు తనలో తాను పాడుకొనుచుండెను. మేము తెలుగున మాటాడుకొనుట విని చేయి యెత్తి పిలిచినది. అక్కయ్యకు తమిళము వచ్చును. పాట్టి నోటుపుస్తకమున పాటలన్నియు తమిళలిపిలో నున్నవి. పన్నెండవయేట నుండి పాడుచున్నదట. తెలుగువారు కనబడినప్పుడెల్ల ఒక్కొక్క మాట యడిగి తెలిసికొనుట ఆమె యలవాటట. ఆనాడు అడిగినది వరాళిలోని పంచరత్నకీర్తన గూర్చి. "కనకనరుచిరా యను మాటలో కనక మనగా బంగారమే గదా? నేను స్వామి బంగారమువలె నున్నాడని పాడుకొనుచున్నాను" అనెను. తమిళలిపిలో చూచిన నట్లు తోచుట సహజమే.

అక్కయ్య ఆమె ప్రక్కన చతికిలబడినది. "కాదు పాట్టీ. కన యనగా చూడ. కనకన యనగా చూచినకొలదిని. ఎంత చూచిన నంత యింపు పుట్టువాడా యని," అని చెప్పబోయినది. ఆ మాట ఎచ్చట విఱుచుకొనవలెనో చూపుటకై పల్లవి పలికినది. ఇరువదియైదేండ్లు పాఠము చెప్పిన మనిషి ఆ మాటను వచనముగా పలుకుట యెట్లు? అది వరాళిగానే వచ్చినది. పల్లవి ఒక్క ఆవృత్తి. అంతే, ఆపివేసినది. పాట్టి అది విని, కన్నులు మూసికొని, క్రొత్త విఱుపుతో తాను పాడి చూచుకొన్నది. రెండవసారి అక్కయ్య చేతితో తాళము వేసినది.

చదువరులు ఎఱుగుదురో లేదో, వరాళిరాగమును గురువు శిష్యుని ఎదుట కూర్చుండబెట్టి నేర్పరాదని పెద్దలలో ఒక నమ్మకము కలదు. నేర్పినచో గురుశిష్యులకు విరోధము వచ్చునట. అమ్మ ఈ నమ్మకమును పాటించెడిది. పంచరత్నములలో నాట, గౌళ, ఆరభి, శ్రీరాగము అక్కయ్యకు కూర్చుండబెట్టి నేర్పినది. వరాళి మాత్రము వంటయింట బియ్యము కడుగుచు పాడెడిది. అక్కయ్య వసారాలో కూర్చుండి విని పట్టుకొన్నది. ఆ నమ్మకములో నిజమెంతయో మేము చెప్పజాలము. దానివలన మా యింట వరాళికి బియ్యపుకడుగు వాసన యుండెడిది. పాట్టితో మాటాడి లేచిన తరువాత అక్కయ్య ఈ సంగతి యెత్తలేదు, మేమును ఎత్తలేదు. ఏటికి దిగి కాళ్లు కడుగుకొంటిమి. నీరు చీలమండలకు రాలేదు.

పాట్టివంటివారు లేనిచో ఈ కీర్తనలు మనకు దక్కియుండెడివి కావు. స్వామి శిష్యులలో వాలాజాపేట వేంకటరమణభాగవతరు మాతృభాష సౌరాష్ట్రము. తిరువయ్యారునకు చేరువనున్న అయ్యంపేటనుండి వచ్చి శిష్యరికము చేసి, గురువుగారి కృతులను ఓపికతో వ్రాసి పెట్టెను. ఆయన తరువాత ఆయన కుమారుడు కృష్ణస్వామిభాగవతరు ఆ పని కొనసాగించెను. ఆ వ్రాతప్రతులు మధురలోని సౌరాష్ట్రసభయందు భద్రముగ నున్నవి. తక్కిన శిష్యులు తిల్లైస్థానము, ఉమయాళ్పురము మొదలగు పల్లెలలో నోటినుండి నోటికి అందించిరి. తెలుగుపాటను నిలిపినవారిలో తెలుగు మాతృభాష కానివారే ఎక్కువమంది యని తేలినప్పుడు మొదట చెప్పిన సిగ్గు మఱికొంత పెరిగినది.

పోదలచినవారికి రెండు మాటలు. తిరువయ్యారున బసకు పెద్ద వసతులు లేవు; తంజావూరున దిగి పోయివచ్చుట మేలు. జనవరి, ఫిబ్రవరి నెలలలో ఎండ బాధింపదు. పంచనదీశ్వరాలయము పెద్దది, దానికే ఒక పూట కావలెను. సరస్వతీమహలున సామాన్యులకు చూపునది కొలది భాగమే యైనను వదలరాదు. బంగారు కామాక్షి కోవెలకు ఉదయమే పోవలెను. ఉత్సవము చూడవలెనన్నచో బహుళ పంచమినాటి యుదయమునకే చేరి చోటు చూచుకొనవలెను.

ఇంటికి వచ్చిన మఱునాడు పాఠములు మొదలుపెట్టినదని గాని, తంబురా దించినదని గాని వ్రాయుటకు మాకు వీలులేదు. నెల దినములు ఏమియు జరుగలేదు. ఫాల్గుణములో ఒకనాటి మధ్యాహ్నము అక్కయ్య అమ్మ నోటుపుస్తకము తీసి, క్రొత్త పుస్తకములోనికి తిరుగవ్రాయుట మొదలుపెట్టినది. అమ్మ పుస్తకమున కాగితము పసుపెక్కినది. అంచులు పొడియై రాలుచున్నవి. ఇంకొక రెండేండ్లు ఆగినచో చదువరాదు. అక్కయ్యకు కన్ను సరిగా ఆనకపోగా మేము చదివి చెప్పుచుంటిమి, ఆమె వ్రాయుచుండెను. రెండేండ్లుగా లోనికి దిగని అక్షరములు, ఎలుగెత్తి మఱొకరికి చదివి చెప్పవలసివచ్చుటచే గాబోలు, కొంచెము కొంచెముగ దిగుట మొదలిడినవి. తప్పు చదివినచోట ఆమె వ్రాత ఆపి, సరియైన పాఠము పాడి వినిపించి, మఱల వ్రాయుచుండెను. పక్కింటి పిల్ల, పూర్వము పాఠమునకు వచ్చుచుండినది, రెండవ వారమునుండి వచ్చి గడపలో కూర్చుండుచున్నది.

అమ్మ ఆ పుస్తకమున పాటల నడుమ ఇంటిలెక్కలును వ్రాసికొనెడిది. శ్యామశాస్త్రుల స్వరజతి ముగిసినచోట చాకలిపద్దు. ఆరభి చరణముల ప్రక్కన రెండు వీశెల చింతపండు, దాని ధర. ఆ పుట వచ్చినప్పుడు చింతపండు కూడ చదువవలెనా యని మేము అడిగితిమి.

"చదువు. వ్రాయుచున్నాను," అనెను.